గడపకు పాచి పట్టని ఊళ్ళు

పచ్చదనాన్ని ఎవరైనా పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక పెళ్ళిలో నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి మైసూరు వైపు మలెనాడు చూసి వచ్చానని మొదలుపెట్టాడు. కొండల మీద మబ్బులట, పోకతోటల్లో చల్లటి నీడట, ఏడాది పొడుగునా పారే వాగులట. వదలకుండా చెబుతూనే ఉన్నాడు. విని విని, "అక్కడ ఒక్క వానాకాలం కాపురం చేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని పప్పు కలుపుకోవడంలో పడ్డాడు. నాకేమీ బాధ కలగలేదు. నేను పుట్టింది ఆ పచ్చదనంలోనే. దాన్ని వదిలి ఈ రాళ్ళ సీమకు వచ్చి బతికాం. బతికాం అన్న మాటను నేను తేలిగ్గా వాడడం లేదు.

మా వాళ్ళు వడ్రంగులు. ఏ కాలంలోనో తెలుగు సీమ నుంచి మలెనాటికి పోయి అడవి అంచున ఒక ఊళ్ళో స్థిరపడ్డారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందులో సగం కన్నడం. అప్పట్లో అది మైసూరు మహారాజుగారి సంస్థానం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మద్రాసు రాజధానిలోవి. సంస్థానం దాటి పోవడమంటే మా ఊరివాళ్ళ లెక్కలో దేశం విడిచి పోవడమే. నాయనకు అక్కడ చేతినిండా పని ఉండేది. చుట్టూ అడవి కాబట్టి కొయ్యకు కరువు లేదు, తిండికి లోటు లేదు. పిల్లలు దక్కడమే కరువు.

వానలు దిగితే జ్వరం దిగేది. మధ్యాహ్నం అన్నాలవేళకు చలి పట్టుకుని వణికించేది. కాసేపటికి ఒళ్ళు కాలిపోయేది. సాయంత్రానికి చెమటలు పోసి వదిలేది. మర్నాడు ఏమీ లేనట్టే ఉండేది. ఆ పై రోజు మళ్ళీ అదే వేళకు చలి. పెద్దవాళ్ళు ఆ జ్వరాన్ని మోసుకుంటూనే పనులు చేసుకునేవారు. జ్వరాలకు కడుపులో ఎడమపక్క బల్ల గట్టిపడి పెరిగి పొట్టలు ఎత్తుకొచ్చిన పిల్లలు వీధినిండా ఉండేవారు, వాళ్ళలో నేనొకదాన్ని. పసిబిడ్డలు మాత్రం తట్టుకోలేకపోయేవారు.

అందుకే మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పుట్టిన బిడ్డకు ఒక ముంగారు, అంటే ఒక వానాకాలం, దాటేదాకా పేరు పెట్టరు. అంతవరకు అందరూ "కూసు" అనే పిలవాలి. కన్నడంలో పసిబిడ్డను అలా అంటారు. ముంగారు దాటిందో లేదో తేల్చేది మా అవ్వ, నాయనను కన్నతల్లి. వానలకు గడప మీద పచ్చగా పాచి పట్టాలి. వానలు వెనకపట్టాక ఎండ కాసి ఆ పాచి ఎండి పొట్టులా రాలాలి. ఆ రోజు అవ్వ బిడ్డను ఎత్తుకుని గడప దాటించి చెవిలో పేరు చెప్పేది. నాకు అలా పేరు దక్కింది. నా వెనక పుట్టిన ముగ్గురు తమ్ముళ్ళకు దక్కలేదు. ముగ్గురూ కూసుగానే వచ్చి కూసుగానే పోయారు.

"పేరు పెట్టినామంటే పోయినాంక గూడా నోట్లోకి వస్తాదే. పేరు లేకుంటే మర్సిపోవచ్చు" అనేది అవ్వ. అమ్మ ఆ మాటకు ఎప్పుడూ బదులు చెప్పలేదు. మరిచిపోయిందో లేదో కూడా చెప్పలేదు.

మూడోవాడు పోయిన ఏడాది నాయన పశువుల జాతరకు వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. హిందూపురం నుంచి ఎద్దులు కొనడానికి వచ్చిన ఒక బండివాడు మా పక్కనే దిగాడు. వాడు నా పొట్ట వైపు చూసి, "ఈ బిడ్డకు ఏమైండాదప్పా?" అని అడిగాడు.

"చలిజరం" అన్నాడు నాయన. "మీ పక్క లేదా?"

"ఆడ దోమ తాగేకే నీళ్ళు లేవబ్బా. ఇంగ జరం యాడిది?"

వాడు నవ్వులాటకే అన్నాడు. నాయన నవ్వలేదు. అప్పటికి అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. నెల తిరగకముందే ఇల్లు చిన్నాయనకు అప్పగించి, ఉలి, బాడిస, రంపం గోనెలో కట్టుకుని, మా ముగ్గురు ఆడవాళ్ళను వెంటేసుకుని నాయన సంస్థానం వదిలాడు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. నీళ్ళున్న చోటి నుంచి నీళ్ళు లేని చోటికి ఎవడైనా పోతాడా అని.

బెంగుళూరులో రైలు మారాం. అక్కడి నుంచి పోను పోను కిటికీలో పచ్చదనం పలచబడి, తర్వాత అసలే లేకుండా పోయింది. హిందూపురంలో దిగేసరికి ఎర్రటి దుమ్ము, రాళ్ళ గుట్టలు, మాడు పగిలే ఎండ.

"ఇది ఊరా, పొయ్యి మీద మర్సిపోయిన పెనమా?" అంది అవ్వ.

అత్త ముందు అమ్మ నాయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఏం చెప్పినా నా నోటితో చెప్పించేది. "మీ నాయనను అడుగు, మనల్ని యాడికి తెచ్చినాడో" అంది. నేను అడిగాను. నాయన గోనె భుజాన వేసుకుని ముందు నడిచాడు.

హిందూపురం సంతకు బెల్లం, చింతపండు మోసే బండ్లు బారులు తీరి వచ్చేవి. ఏ బండికి ఆ బండికి చక్రంలో విరిగిన ఆకో, అరిగిన ఇరుసో ఉండేది. పని దొరికింది కానీ కొయ్య లొంగలేదు. ఇక్కడ చక్రాలకు తుమ్మ వాడతారు. అడవి కొయ్యకు అలవాటు పడిన నాయన ఉలి మొదటి రోజే తుమ్మమొద్దు మీద మొండిబారింది. బండివాళ్ళు చుట్టూ చేరి, "ఏమప్పా, మైసూరు ఉలి మైసూరు పాకు కోసేకేనా?" అని ఏడిపించారు. నాయన ఉలిని మళ్ళీ నూరుకుని కూర్చున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఏడిపించినవాళ్ళే మా ఇంటి ముందు బండ్లు విప్పి వంతు కోసం కాచుకునేవాళ్ళు. అవ్వ వాళ్ళకు మజ్జిగ పోస్తూ, "మైసూరు ఉలప్పా, రోంత నిదానంగా తెగుతాది, కూర్చో" అని అప్పు తీర్చుకునేది.

ఎండాకాలం నడుమ అమ్మ ఆడబిడ్డను కంది. మంత్రసాని బిడ్డను తుడిచి చేతికిస్తూ, "బాగ గట్టిగుండాది, ఏం పేరు పెడతారవ్వా?" అంది. "కూసు" అంది అవ్వ. ఆ మాట వినగానే అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఈ బిడ్డ ఈ ముంగారు దాటుతుందా, లేదా. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే ఆలోచన లేదు.

వానాకాలం మొదట్లో పెనుకొండలో పాత మిద్దెలకు తలుపులు చేసే పని పెద్దదే దొరికింది. కొండ కింద ఒక చిన్న ఇల్లు బాడుగకు తీసుకున్నాం. సామాను దించకముందే అవ్వ వెళ్ళి గడప చూసింది. నున్నటి రాతి గడప. పాచి పడితే ఇట్టే కనబడుతుందని తృప్తిగా తల ఆడించింది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే లేచి ఆ గడప మీద బొటనవేలు రాసి చూసుకునేది. దుమ్ము తప్ప ఏమీ అంటేది కాదు. ఇవ్వాళ లేకపోతే రేపు అనుకునేది. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. కొండ మీదికి మబ్బులు వచ్చేవి, కాసేపు నిలబడి తమ దారిన పోయేవి. ఊరంతా పైరు కోసం ఆకాశం చూస్తుంటే మేం గడప చూసేవాళ్ళం.

చివరికి అవ్వకు ఒక ఉపాయం తట్టింది. వాన పోయకపోతే తనే పోస్తానని రోజూ ఒక చెంబెడు నీళ్ళు గడప మీద చిలకరించడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళు కొండవాలు బావి నుంచి మోసేది ఎవరనుకున్నారు, నేను. నెత్తి మీద కడవతో ఎదురెండలో ఎక్కివచ్చి దించేసరికి అవ్వ చెంబు ముంచి గడప మీద గుమ్మరించేది. నేను పళ్ళు నూరుకునేదాన్ని. ఎండ ఆ తడిని ఇట్టే తాగేసేది.

ఒక రోజు ఇంటిగలామె, మాకు ఇల్లు బాడుగకిచ్చినావిడ, అది చూసింది.

"ఏమవ్వా, గడపకు నీళ్ళు పోస్తాండావు? మొలకెత్తుతాదనా?"

"పాచి పట్టల్ల తల్లీ."

"పాచా? అది దేనికి?"

అవ్వ ఆచారమంతా విడమరిచి చెప్పింది. ఆమె వింటూ వింటూ అరుగు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. "మా ఊర్లో గడపకు పాచి పట్టేతలికి నీ మనవరాలు అవ్వ అయిపోతాదే. పేరు లేకుండానే పెండ్లి గూడా చేస్తారా ఏంది?"

సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. పేరులేని బిడ్డను చూడడానికి ఆడవాళ్ళు పని మానుకుని వచ్చారు. వచ్చినవాళ్ళంతా తలా ఒక పేరుతో పిలిచి ముద్దాడారు. కొంటెపిల్లలు పాచమ్మ అని పిలిచారు. అవ్వ అందరినీ తిట్టింది. ఒక్క పేరూ ఇంట్లోకి రానివ్వలేదు. అమ్మ అవ్వ పక్షమే. నవ్వితే నవ్వనీ, ఆచారం తప్పితే బిడ్డ తప్పిపోతుందేమోనని ఆమె భయం.

ఆ భయాల నడుమ బిడ్డ మాత్రం ఎవరినీ అడగకుండా పెరుగుతూ ఉంది. బోర్లా పడింది, పళ్ళు వచ్చాయి. గులకరాళ్ళు నోట్లో పెట్టుకుంది, వాటిని తీయబోతే కొరికింది. చేతులకు కాళ్ళకు మడతలు. మా ఇంట్లో అంతవరకు మడతలున్న బిడ్డను నేను చూడలేదు. నాకూ ఆ ఏడు చలి రెండు మూడుసార్లు వచ్చి, తర్వాత దారి మరిచిపోయినట్టు రావడమే మానేసింది. లంగా బొందు కట్టుకుంటుంటే పొట్ట లోపలికి పోయిందని నాకే తెలిసింది. ఎవరికీ చెప్పకుండా వారం రోజులు ఆ సంతోషాన్ని దాచుకున్నాను, చెబితే పోతుందేమోనని.

చలికాలంలో చిన్నాయన వచ్చాడు. ముఖం పసుపు పులిమినట్టు పాలిపోయి ఉంది. పెనుకొండలో కరువని విని మమ్మల్ని తీసుకుపోవాలని వచ్చాడు. అప్పటికి తలుపులు చేయించుకునేవాళ్ళు కూడా తగ్గిపోయారు. పంట లేనివాడు తలుపు ఏం చేసుకుంటాడు.

"ఆడ వానలు బాగ పడినాయి. పని గూడా ఉండాది. ఇల్లు అట్లనే పెట్టినా. ఏంటికి ఈ రాళ్ళలో పడుండేది?" అన్నాడు.

నాయన తల వంచుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. ఆయన మనసు ఊగుతోందని నాకు అర్థమైంది. అమ్మ ఎప్పటిలా నన్ను పిలిచి చెప్పిస్తుందని చూశాను. పిలవలేదు. అవ్వ ముందు, మరిది ముందు, తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చి నిలబడింది.

"మలెనాట్ల నాకు ముగ్గురు పుట్నారు. ఈడ ఒక్కతే. ఆ ముగ్గురూ యాడుండారు? ఈ ఒక్కతి చూడు, నీ చెప్పు యెత్తకపోతాండాది. నేను యాడికీ రాను. పోవల్లనుకున్నోళ్ళు పోండి."

నిజంగానే బిడ్డ చిన్నాయన చెప్పు పట్టుకుని పాకుతూ పోతోంది. అవ్వ తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చుంది. పోదామని ఆమె కూడా అనలేదు. హిందూపురంలో దిగిన రోజు నా నోటితో అడిగించిన మా అమ్మేనా ఈమె అనిపించింది. నా జీవితంలో చాలామంది పెద్దవాళ్ళు మాట్లాడగా విన్నాను. అమ్మ ఆ రోజు మాట్లాడిన తీరు చూసి పడినంత గర్వం మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

చిన్నాయన ఒక్కడే వెళ్ళిపోయాడు. మేం పడమటి వైపు చూడకుండా ఇంకా ఉత్తరానికి, ధర్మవరం వెళ్ళాం. అక్కడ పట్టుచీరలు నేసే ఇళ్ళు పెరుగుతున్నాయి, మగ్గాలు చేసే చేతులు చాలడం లేదని నాయనకు కబురు అందింది. బండిచక్రం పని వేరు, మగ్గం పని వేరు. చక్రం గరుకుగా ఉన్నా దొర్లుతుంది. మగ్గంలో పట్టుపోగు తగిలే ప్రతి కొయ్యా నున్నగా ఉండాలి, చిన్న పెచ్చు లేచినా పోగు తెగుతుంది. నాయన కొయ్యను చిత్రిక పట్టి, చేత్తో తడిమి, నమ్మకం లేక చివరికి తన చెంప ఆనించి రుద్ది చూసుకునేవాడు. పంతొమ్మిది వందల ముప్పయ్యిల్లో మొదలైన ఆ పని నలభైల్లోకి వచ్చేసరికి వీధులకు వీధులు పాకింది. నన్ను ధర్మవరంలోనే ఒక ఇంటికి కోడలిగా ఇచ్చారు. కాపురానికి వెళ్ళిన రోజు చూస్తే ఇరుగింట్లో మగ్గం నాయన చేసిందే, పొరుగింట్లో మగ్గం నాయన చేసిందే. తల ఎత్తుకుని నడవడానికి ఆడపిల్లకు ఇంతకంటే ఏం కావాలి.

అది తర్వాత మాట. ధర్మవరం వచ్చిన ఏడు మా బిడ్డకు నడక వచ్చింది, మాటలు వచ్చాయి, పేరు రాలేదు. ఎదురింట్లో చీరలు నేసేవాళ్ళ పెద్దమ్మ ఒకామె ఉండేది. ఆమె కూడా అడిగి, విని, నవ్వి, ఇక కూసు అనే పిలవసాగింది.

ఆ ఏడు మాత్రం వాన దిగింది. దసరా అయిపోయాక ఒక సాయంత్రం పట్టుకుని మూడు రోజులు వదల్లేదు. మట్టిమిద్దెలు కారడం మొదలుపెట్టాయి. మగవాళ్ళు మిద్దెలెక్కి చౌడుమట్టి పరిచి తొక్కుతున్నారు. కారే చోటల్లా ఆడవాళ్ళు గిన్నెలు పెడుతూ, మగ్గాల మీద గోనెలు కప్పుతూ, తిట్టుకుంటూనే సంబరపడుతున్నారు. చెరువుకు నీళ్ళు వస్తున్నాయని వీధిలో ఒకటే కేకలు. మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం గుండెలు చిక్కబట్టుకుని మూల కూర్చున్నాం. వాన చప్పుడు మాకు తెలిసిన చప్పుడు.

వాన వెలిసిన మర్నాడు మధ్యాహ్నం బిడ్డ ఒళ్ళు కాలిపోయింది.

అమ్మ ఏడవలేదు. అటక మీది కంబళ్ళు దించి పక్కన పెట్టుకుంది. ఏ వేళకు ఏం చేయాలో ఆమె చేతులకు తెలుసు. రాత్రికి చెమట పోసి జ్వరం వదిలింది. మర్నాడు బిడ్డ లేచి సంగటి తిని ఆడుకుంది. ఎదురింటి పెద్దమ్మ చూసి, "తగ్గిపాయె కదా, ఇంగేం భయం?" అంది. ఆమెకు మా జ్వరం సంగతి తెలియదు. ఆ నడిమి రోజు బాగుండడమే మాకు భయం. మా ముగ్గురు తమ్ముళ్ళూ ఆ నడిమి రోజుల్లో ఇలాగే నవ్వుతూ ఆడుకున్నారు.

మూడో రోజు నాయన పనికి పోలేదు. పొద్దు నడినెత్తికి వస్తుంటే అందరం బిడ్డ చుట్టూ కూర్చున్నాం. సంగతి విన్న పెద్దమ్మ నేత ఆపి వచ్చి మాతో కూర్చుంది. అమ్మ ఒక చెయ్యి పట్టుకుంది, నేను ఒక కాలు పట్టుకున్నాను. అవ్వ నుదుటి మీద అరచెయ్యి పెట్టి తీయలేదు. వణుకు మొదట వేళ్ళ కొసల్లో వస్తుంది. నేను ఆ వేళ్ళే చూస్తున్నాను. బిడ్డకు మాత్రం చిరాకు పుట్టింది. ఎంతకీ వదలకుండా పట్టుకుంటే ఎవరికి పుట్టదు. గింజుకుంది, ఏడ్చింది, అవ్వ చెయ్యి తోసేసింది. చివరికి అమ్మ వదిలేసింది. బిడ్డ లేచి గడప దాటి వీధిలో నిలిచిన వాననీళ్ళలోకి వెళ్ళి కూర్చుని రెండు చేతులా ఆ నీళ్ళను కొట్టసాగింది. ఎవరం ఆపలేకపోయాం.

చలి వచ్చే వేళ అయింది. చలి వచ్చే వేళ దాటిపోయింది. గోడ నీడ వీధి సగానికి వచ్చింది. బిడ్డ ఇంకా ఆ బురదలోనే ఉంది, వేళ్ళు నాని ముడతలు పడ్డాయి గానీ వణకలేదు. పెద్దమ్మ లేచి తన ఇంటికి వెళ్ళింది. కాసేపటికి ఆమె మగ్గం చప్పుడు మళ్ళీ వినబడింది.

అవ్వ లేచి వీధిలోకి వెళ్ళింది. తడిసి ముద్దయిన బిడ్డను అలాగే చంకనేసుకుంది. చెవిలో చెప్పలేదు. వీధికంతా వినబడేలా పేరు పెట్టి పిలిచింది.

నాయన గడపలో నిలబడి, "పాచి పట్టలేదే అమ్మా" అన్నాడు.

"ఈడ పట్టదులేరా" అంది అవ్వ. "పట్టకుంటేనే మేలు."

పేరు పిలిస్తే బిడ్డ పలకలేదు. అది తనదని తెలిస్తే కదా. నేను, నాయన ఇద్దరం మార్చి మార్చి పిలిచాం. పలకకపోయినా మాకు విసుగు పుట్టలేదు. పిలవడానికి ఒక పేరు ఉండడమే మాకు పండుగలా ఉంది. నాయన ఆ పేరును వీధిలో పోయేవాళ్ళకు కూడా చెప్పాడు, ఎవరూ అడగకపోయినా.

అమ్మ మాత్రం కంబళ్ళు మడత పెడుతూ ఉండిపోయింది. మడత పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద చెయ్యి ఆనించి అంది.

"అత్తా, ఆ ముగ్గురికీ గూడా పెట్టు."

అవ్వ బిడ్డను దించింది. "మర్సిపోయినావనుకుంటినే" అంది.

"ఒక్క పొద్దు గూడా మర్సలే."

అవ్వ అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. పెద్దవాడికి ఒక పేరు చెప్పింది. నడిమివాడికి ఒక పేరు, చిన్నవాడికి ఒక పేరు. ఎక్కడా ఆగలేదు, ఆలోచించుకోలేదు, ఎవరి పేరు పెట్టాలని నాయనను అడగలేదు. ఆ మూడు పేర్లూ ఆమె నోట్లో ఎన్నేళ్ళ నుంచో సిద్ధంగానే ఉన్నాయి.